కోడిపిల్లల గదికి రెండో తలుపు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను బేరమాడి కొన్న వస్తువులకు లెక్కలేదు. గాజు సీసాలు, బీరువాలు, మైక్రోస్కోపు బల్బులు, ఒకసారి ఏకంగా ఒక ఆస్పత్రివాళ్లు వద్దనుకున్న డీప్ ఫ్రీజరు. వాటిలో చాలావరకు ఇప్పుడు గుర్తులేవు. కొనకుండా వదిలేసిన ఒక తలుపు మాత్రం గుర్తుంది. ప్రయోగశాలల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని దాని సంగతి రాస్తున్నాను. ఇందులో చెప్పుకోదగ్గ తెలివి కొంత ఉంది గాని, అది నాది కాదు.

నేను పుట్టి పెరిగింది గుంటూరులో కొట్ల మధ్య. మా నాన్నది పచారీ కొట్టు, పెదనాన్నది ఇనపసామాను, మేనమామలది గుడ్డలు. మా ఇంట్లో అన్నం దగ్గర కూడా బేరమే. కాకరకాయ కూర తింటే ఎన్ని అప్పడాలు వస్తాయో ముందే తేల్చుకుని కంచం ముందు కూర్చునేవాళ్లం. చదువు కాస్త అబ్బి, జంతుశాస్త్రంలో డిగ్రీ చేతికొచ్చి, ఊరికి బస్సు దూరంలో ఉన్న ఒక విద్యాసంస్థలో టెక్నికల్ అసిస్టెంటుగా ఉద్యోగం దొరికినప్పుడు మా నాన్న ఒక్కటే మాటన్నాడు. "కొట్టు వదిలి కప్పలు కోసే పనికి పోతున్నావు. ఆ కప్పలనైనా చెప్పిన ధరకు కొనకురా." ఆ ఆశీర్వాదాన్ని నేను మరీ శ్రద్ధగా పాటించాను. అక్కడే వచ్చింది చిక్కు.

తొంభైల చివర్లో మా ఆచార్యులవారికి పక్షుల గడియారం మీద ఒక ప్రాజెక్టు వచ్చింది. గడియారమంటే గోడకు తగిలించేది కాదు. కోడిపిల్ల తలలో, పుర్రె కింద, ఆవగింజ కంటే కాస్త పెద్ద గ్రంథి ఒకటి ఉంటుంది. పొద్దెప్పుడు పొడుస్తుందో అది ముందే లెక్క కడుతుంది. ఆ లెక్క ఏ జన్యువులు కడుతున్నాయి, ఏ వేళకు ఏది మేలుకుంటుంది, ఏది పడుకుంటుంది అన్నది తేల్చాలి. మొదటిసారి ఆయన బోర్డు మీద గీసి చెప్పినప్పుడు నాకు తలాతోకా తెలియలేదు. ఇంటికి వెళ్లి నా భాషలోకి మార్చుకున్నాను. ఆ జన్యువుల్లో రెండు ఇద్దరు అన్నదమ్ములు, వాళ్లు కొట్టు షట్టరు ఎత్తుతారు. లోపల సరుకు తయారవుతుంది. గోదాము నిండాక ఆ సరుకే వెళ్లి అన్నదమ్ముల చేతులు పట్టుకుని షట్టరు దింపిస్తుంది. సరుకు మెల్లగా కరిగిపోతుంది. గోదాము ఖాళీ అయ్యాక అన్నదమ్ములు మళ్లీ షట్టరు ఎత్తుతారు. ఈ చుట్టు తిరగడానికి సుమారు ఒక రోజు. మర్నాడు ఇదే ఆయనకు చెబితే, "జీవశాస్త్రాన్ని కిరాణా కొట్టు చేశావు కదయ్యా" అన్నారు. ఆ వారమే ఎమ్మెస్సీ క్లాసులో అదే పోలిక చెబుతూ ఉంటే కిటికీలోంచి నా చెవిన పడింది.

మేం ముఖ్యంగా వెంటబడిన జన్యువు పేరు పెర్-టూ. కోడిపిల్లలో అది తెల్లవారే వేళకు బాగా పనిచేస్తుంది, నడిరాత్రి అడుగంటుతుంది. దానికి ఇంకో గుణం ఉంది. రాత్రిపూట వెలుతురు తగిలిందంటే, వేళకాని వేళ గిరాకీ వచ్చి తలుపు తట్టినట్టు, షట్టరు లేస్తుంది. అందుకే రాత్రి చీకటి చిక్కగా ఉండాలి.

ఈ పని చేయాల్సింది ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని. వాళ్ల నాన్న కౌలు భూమిలో పత్తి వేసేవాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాటింది ఆమె ఒక్కతే. నన్ను బాబాయ్ అనేది. నెలనెలా వచ్చే ఫెలోషిప్పే ఆమె తిండి, ఆమె బస్సు చార్జీలు. దానికి గడువు ఉంది. ఆ గడువులోగా పని తేలకపోతే చేతిలో పైసా ఉండదు, పట్టా అందుతుందో లేదో తెలియదు, మూడేళ్లు నీళ్లపాలు కావచ్చు. ఈ ఒక్క సంగతి చదువరులు గుర్తుంచుకుంటే చాలు. మిగిలినదంతా దాని చుట్టూ తిరిగిందే.

ఇరవై నాలుగు గంటలూ కోడిపిల్లల దగ్గర ఉండి నమూనాలు తీయాలి గాని, ఆడపిల్లల హాస్టలు గేటు చీకటి పడగానే మూసేవాళ్లు. ఆచార్యులవారు దీనికో ఉపాయం చెప్పారు. చాలాచోట్ల చేసేదే. రెండు గదులు. మొదటి గదిలో పగలంటే మన పగలే. రెండో గదిలో సాయంత్రం ఆరుకు దీపాలు వెలుగుతాయి, ఉదయం ఆరుకు ఆరిపోతాయి. అంటే మన మిట్టమధ్యాహ్నం ఆ గదిలో నడిరాత్రి. ఆఫీసు వేళల్లో రెండు గదుల్లోనూ పనిచేస్తే కోడిపిల్లల పూర్తి రోజు చేతికొస్తుంది. పగటిపూట రాత్రిని తయారుచేయడమన్న ఆలోచన నాకు తెగ నచ్చింది. దేవుడితో బేరమాడినట్టు అనిపించింది.

గదులు కట్టించే పని నాది. ఆచార్యులవారి పటంలో రెండో గదికి రెండు తలుపులున్నాయి. ఒకటి తీసి లోపలికి వెళ్లి, దాన్ని మూసి, చీకట్లో నిలబడి రెండోది తీయాలి. వడ్రంగి ధర చెప్పగానే నాలో మా నాన్న లేచాడు. "రెండు తలుపులెందుకండీ? వరండా కిటికీలకు నల్ల రెక్కలు పెడదాం. అవి మూసేస్తే వరండానే ముందరి చీకటి గది" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు. మిగిలిన సొమ్ముతో చీమకుర్తి నుంచి నల్ల గ్రానైటు తుండ్లు తెప్పించి నేలకు వేయించాను. అద్దంలా ఉండేది. నీళ్లు కొడితే క్షణంలో శుభ్రం. చూడవచ్చిన పెద్దలందరూ జన్యువుల సంగతి వదిలేసి నేలను మెచ్చుకునేవారు. నేను గోడకు ఆనుకుని వినయంగా నిలబడేవాడిని.

పనులు సాగాయి. గుడ్ల కోళ్ల హేచరీల్లో మగ కోడిపిల్లలు ఎవరికీ అక్కర్లేదు గనక అవి తేలిగ్గా దొరికేవి. గ్రంథుల్ని గడ్డకట్టించడానికి కావలసిన ద్రవ నత్రజనిని పశువులకు సూదులు వేసే కేంద్రం నుంచి తెచ్చేవాణ్ని. వాళ్ల మైక్రోస్కోపు బాగుచేసి పెట్టినందుకు నెలకో డబ్బా. కోడిపిల్లల మేత, నీళ్లు, శుభ్రం చూడటానికి పక్క పాలెం నుంచి ఒకామె వచ్చేది. యాభై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉండేది. అందరూ ఆయమ్మ అనేవాళ్లం. ఇంటి దగ్గర కోళ్లు పెంచిన చెయ్యి కావడంతో ఆమె వచ్చాక మా దగ్గర పిల్లలు చావడం దాదాపు ఆగిపోయింది. చేరిన రోజునే ఆమెకు రెండు మాటలు గట్టిగా చెప్పాను. రెండో గదిలో మేత సాయంత్రం దీపాలు వెలిగాకే, అవి ఆరి ఉన్నప్పుడు తలుపు తీయొద్దు. పిల్ల ఒక్కటి చచ్చినా పూచీ నీదే. మిగతా నియమాలన్నీ ఇంగ్లీషులో టైపు చేయించి తలుపుకు అంటించాం. ఆయమ్మ తెలుగు బైబిలు గడగడా చదివే మనిషి.

రెండో వేసవి సగంలో ఉండగా ఆ అమ్మాయి జెల్లు ఫోటోలు పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. జెల్లు మీద గీత ఎంత మెరిస్తే జన్యువు అంత పనిచేస్తున్నట్టు. నడిరాత్రి దాటిన కొన్ని నమూనాల్లో, గీత కనపడకూడని చోట, వేలు పెట్టి చూపించేంత కాంతి ఉంది. తెల్లవారుజామున లేచే ఎత్తు కాక, నడిరాత్రి దాటాక రెండో ఎత్తు. అంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆచార్యులవారు ఆ పూట భోజనానికి ఇంటికి వెళ్లలేదు. మన ఎండలకు మన కోళ్లు అలవాటుపడి అలా మారాయేమో అన్నారు. ఆ అమ్మాయి సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం మొత్తం దాని మీదే నిలబడింది. ఒక సదస్సుకు సంగ్రహం కూడా పంపించేశారు.

నాకే ఎక్కడో గుచ్చుకుంది. అన్ని రోజుల నమూనాల్లోనూ ఆ రెండో ఎత్తు లేదు. కొన్ని రోజులు ఉంది, కొన్ని రోజులు బొత్తిగా లేదు. సగటు వేస్తే అందంగానే కనిపిస్తుంది. కానీ మా నాన్న కొట్టులో ఒక న్యాయం ఉండేది. అదే బస్తా బియ్యం పొద్దున ఒక తూకం, మధ్యాహ్నం ఒక తూకం తూగితే బియ్యాన్ని అనుమానించకు, తక్కెడను చూడు. ఆ మాటే ఆచార్యులవారితో అన్నాను. "కొట్టు న్యాయం ఇక్కడ చెల్లదయ్యా" అన్నారు, కాస్త విసుగ్గా. సాయంత్రం హాస్టలుకు బస్సు ఎక్కేముందు ఆ అమ్మాయి మాత్రం, "బాబాయ్, తక్కెడ చూసిపెట్టు. నాకూ నిద్ర పట్టడం లేదు" అంది.

చూడటం మొదలుపెట్టాను. దీపాల టైమరు అనుమానించి విప్పదీశాను. దానికి సొంత బ్యాటరీ ఉంది, కరెంటు పోయినా వేళ తప్పడం లేదు. రసాయనాలు మార్చి చూశాం. నమూనాల సీసాల మీద రాతలు సరిచూశాం. వాచ్‌మన్‌ను, ఎలక్ట్రీషియన్‌ను, ఎమ్మెస్సీ పిల్లలను విడివిడిగా అడిగాను. అందరూ ప్రమాణాలు చేశారు. చివరికి ఒకరోజు సబ్‌స్టేషనుకు పోయి, అక్కడి లైన్‌మన్‌ను మాటల్లో పెట్టి, మా లైను కోతల రిజిస్టరు చూపించమన్నాను. మా లైను మీదే మిర్చి కోల్డ్ స్టోరేజీలు, పత్తి మిల్లు ఉండేవి. కోత ఏ పూట పడుతుందో వారానికోసారి మారేది. రాసుకొచ్చిన రోజులను ఆ అమ్మాయి నోటు పుస్తకం పక్కన పెట్టి చూశాను. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో కరెంటు పోయిన రోజులే రెండో ఎత్తు ఉన్న రోజులు. ఒక్కటీ తప్పలేదు.

అయినా అర్థం కాలేదు. ఎలాగూ దీపాలు ఆర్పి ఉన్న గదిలో కరెంటు పోతే ఏమవుతుంది? చీకటిలోకి ఇంకాస్త చీకటి వస్తుంది, అంతేగా. అప్పుడే నిశ్చయించుకున్నాను. మధ్యాహ్నం కోత ఉన్న రోజు నేనే వెళ్లి లోపల కూర్చుంటాను. ఎవరికీ చెప్పను.

రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయంటారే, ఆ రోజులు. పదకొండు దాటాక వరండా రెక్కలన్నీ మూసి, చీకటి చేసి, తలుపు కొంచెమే తీసి లోపలికి దూరి, మూసేసి, మూలన ముక్కాలిపీట మీద కూర్చున్నాను. కోడిపిల్లలు నిద్రలో చిన్నగా చప్పుడు చేస్తున్నాయి. పన్నెండుకు ఏసీ నిట్టూర్చి ఆగిపోయింది. పది నిమిషాలకు చొక్కా వీపుకు అంటుకుంది. ఇరవై నిమిషాలకు పిల్లలు లేచాయి. ఆ చీకట్లో నాకు కనిపించలేదు గాని వినిపించింది. నోళ్లు తెరిచి రొప్పుతున్న చప్పుడు, పదహారు పంజరాల నుంచీ. గాలి కదలడం లేదు. నిజం చెప్పాలంటే, లేచి ఆ తలుపు తీసేయాలని నాకే రెండుసార్లు అనిపించింది.

నేను లేవక్కర్లేకపోయింది. వరండాలో కిటికీ రెక్కలు ఒక్కొక్కటీ తెరుచుకుంటున్న చప్పుడైంది. తర్వాత తలుపు బార్లా తెరుచుకుంది. రోహిణి కార్తె ఎండ గడప దాటి, అద్దంలాంటి నా నల్లరాతి నేల మీద జారుకుంటూ వెళ్లి, అన్నిటికంటే వెనక ఉన్న పంజరం కింద ఆగింది. వెలుతురులో నిలబడి ఉంది ఆయమ్మ, చేతిలో చేట పట్టుకుని. నన్ను చూడలేదు. మొదటి పంజరం దగ్గర మొదలుపెట్టి, వరసగా ఒక్కో పంజరానికీ చేటతో విసురుతూ నా మూల దాకా వచ్చి, అప్పుడు ఉలిక్కిపడింది.

"ఇక్కడేం చేస్తన్నారు సారూ, ఈ ఉడుకులో?"

"నువ్వేం చేస్తున్నావమ్మా?"

"పిల్లలు రొప్పుతన్నాయి గదా. ఈ మిట్ట ఎండలో కరెంటు పోయినప్పుడల్లా కాసేపు గాలి తగలనిస్తాను. లేకపోతే ఈపాటికి సగం పోయుండేయి."

"దీపాలు ఆరినప్పుడు తలుపు తీయొద్దని చెప్పాం కదా."

"చెప్పారు. పిల్ల ఒక్కటి చచ్చినా నీదే పూచీ అని గూడా చెప్పారు. రెండూ ఎట్టా కుదురుతయ్ సారూ?" చేటను చంకలో పెట్టుకుంది. "అయినా మిట్టమధ్యాన్నం. పగటేళ కోడిపిల్లకు ఎల్తురు తగిలితే ఏమవుద్ది?"

జవాబు నా దగ్గర ఉంది. ఏడాదిన్నరగా ఉంది. ఆమెకు చెప్పాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. అనుమానించి అడగాలని కూడా తట్టలేదు. ఆ గదిలో అందరికంటే ఎక్కువసేపు గడిపే మనిషిని వదిలేసి ఊళ్లోవాళ్లందరినీ అడిగొచ్చాను. అప్పుడు చెప్పాను. ఈ గదిలో పిల్లలకు ఇది మధ్యాహ్నం కాదు, నడిరాత్రి. అవి కళ్లు మూసుకున్నా పుర్రెలోంచే వెలుతురు తెలుసుకుంటాయి.

ఆయమ్మ పంజరాలకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

"ఆ ముక్క ముందే చెప్పాల గదా సారూ. నిద్రపోయే పిల్లల్ని ఎవురన్నా దీపం పెట్టి లేపుతారా?"

ఆ తర్వాత అరగంట నేను వేపచెట్టు కింద ఒంటరిగా బేరమాడుకున్నాను. ఎవరితో అంటే నాతోనే. ఆయమ్మకు నియమం అర్థమైంది, ఇక తీయదు. రెండో తలుపు మెల్లగా పెట్టించేస్తే సరి. పాత ఫలితాలు పాతవి. కొత్తవి వేరుగా వస్తే కార్తె మారిందనో, కోడి జాతి మారిందనో అనుకుంటారు. ఆ అమ్మాయి గడువులోగా పట్టా తీసుకుని వెళ్లిపోతుంది. తలుపు ఎవరు తగ్గించారన్నది ఎవరికీ గుర్తుండదు. బేరం అన్ని విధాలా లాభసాటిగా ఉంది. అలా అన్ని విధాలా లాభసాటిగా ఉన్న బేరం వచ్చినప్పుడు సరుకును వెలుతురులోకి తెచ్చి చూడమని మా నాన్న అనేవాడు. లేచి ప్రయోగశాలలోకి నడిచాను.

ఆ అమ్మాయి మొత్తం విని, తన నోటు పుస్తకం మూసింది. కాసేపటికి మళ్లీ తెరిచింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె అడిగిన మొదటి మాట ఇది. "ఎంతసేపు తీసి ఉంచింది బాబాయ్?"

"పంజరాలన్నిటికీ విసిరేదాకా. ఏడెనిమిది నిమిషాలు."

"ఏడెనిమిది నిమిషాల వెలుతురును మన జెల్లు పట్టుకుందన్నమాట." జెల్లు ఫోటో తిరగేసి పెట్టింది. "పరీక్ష మంచిదే. అధ్యాయమే పోయింది."

ఆచార్యులవారికి తానే చెబుతానంది. తలుపు నాది గనక నేనే చెప్పాలన్నాను. ఇద్దరం వెళ్లాం. ఆయన రిజిస్టరు కాగితం, జెల్లు ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"రెండో తలుపు ధర ఎంత తగ్గించావు?"

"తలుపే తగ్గించానండి."

ఆయన నవ్వలేదు. కోతలున్న రోజులను తీసేస్తే ఏం మిగులుతుందని ఆమెను అడిగారు. ఆ గొంతులో ఆశ ఉంది. ఆయన మనిషే కదా.

"తీసేస్తే అరకొర సార్. ఉంచితే అబద్ధం. రాత్రి నమూనాలన్నీ మళ్లీ చేస్తాను."

"ఫెలోషిప్పు వచ్చే నెలతో ఆఖరమ్మా."

"తెలుసు సార్. చేస్తాను."

ఆయన సదస్సు సంగ్రహాన్ని వెనక్కి తీసుకుంటూ మా ముందే ఉత్తరం రాశారు. ఆ ఉత్తరంలో తలుపు ప్రస్తావన లేదు, నా ప్రస్తావన లేదు. తప్పు తమ ప్రయోగశాలదని మాత్రం ఉంది.

ఆ నెల దాటాక ఆ అమ్మాయి గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరులో చేరింది. పొద్దున్నే ఎంట్రన్సు పిల్లలకు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చెప్పి, అక్కడి నుంచి బస్సు పట్టుకుని, సుద్దముక్క చేతులతోనే పదిన్నరకు మా దగ్గరికి వచ్చేది. ఒక్కరోజు ఆలస్యంగా రావడం నేను చూడలేదు.

తలుపు నేనే చేయించాను, నా సొంత డబ్బుతో. వడ్రంగి ధర చెప్పాడు. సరేనన్నాను. అతను ఉలి కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. "ఏంది సారూ, ఇంట్లో ఎవరికన్నా బాగలేదా?" అన్నాడు.

గాలి సంగతి తేల్చింది ఆయమ్మ. రెండు తలుపులు మూస్తే కోతవేళ పిల్లలు ఉడికిపోతాయి. గాలి వంగుతుంది గాని ఎల్తురు వంగదు గదా అంది. రేకు గొట్టాన్ని రెండు మలుపులు తిప్పి, లోపల నల్లరంగు కొట్టి, వెలుపలి మూతికి తడి గోనె కట్టాం. గోనె కోసం నేను మార్కెట్ యార్డు నుంచి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, కట్టిన పాత గోతాలు ఉచితంగా పట్టుకొచ్చాను. ఆమె ఒకటి దులిపి చూసి, తుమ్మి, "ఊపిరాడక చావకుండా ఉండేదానికి ఇంత చేసి, ఇప్పుడు ఘాటుతో చంపుతారా సారూ?" అని బయట పారేసింది. వట్టివేళ్ల తడిక కొనక తప్పలేదు. నేల మీద గోనెపట్టాలు పరిచాం. మెచ్చుకోవడానికి ఎవరూ రాలేదు.

ఇక తలుపు మీద ఇంగ్లీషు కాగితం చించేసి, లోపలి వేళ అందరికీ తెలియాలని నేనొక గొప్ప పని చేశాను. బజారంతా తిరిగి, ముగ్గురు కొట్లవాళ్లను విసిగించి, ఒక గోడ గడియారం తెచ్చి తలుపు మీద తగిలించాను. మన గడియారం వరండాలో, కోడిపిల్లల గడియారం తలుపు మీద. పన్నెండు గంటల తేడాతో జాగ్రత్తగా ముళ్లు తిప్పిపెట్టి దూరంగా నిలబడి చూసుకున్నాను. ఆయమ్మ మేత బకెట్టుతో వచ్చి, అటు చూసి, ఇటు చూసి, మొహమాటంగా అంది. "రెండూ ఒకటే చూపిస్తన్నాయి సారూ."

సరిగ్గా పన్నెండు గంటల తేడా గనక ముళ్లు రెండిటిలోనూ ఒకే చోట ఉన్నాయి. ఆ గడియారాన్ని ఆ సాయంత్రమే ఇంటికి తీసుకుపోయాను. మర్నాడు ఆయమ్మ ఒక అట్టముక్క తెచ్చింది. ఒకవైపు బొగ్గుతో చందమామ, ఇంకోవైపు పసుపుతో సూర్యుడు. పొద్దున ఆరు దాటి పనిలోకి రాగానే చందమామ తిప్పేది. చందమామ ఉన్నంతసేపు ఆ వరండాలో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ఆచార్యులవారు కూడా చెప్పులు వదిలి నడిచేవారు.

నమూనాలు మళ్లీ తీశాం. ఆ అమ్మాయి పట్టుబట్టి ఇంకో ఏర్పాటు చేసింది. సగం పిల్లలను ముట్టుకోకుండా చీకట్లో ఉంచింది. మిగతా సగాన్ని పక్కన అలాగే పగలు చీకటి చేసిన ఇంకో గదిలో పెట్టి, వాటి నడిరాత్రి వేళ ఆయమ్మ చేత తలుపు తీయించింది. అదే చేట, అదే నడక, పంజరం తర్వాత పంజరం. తను వాచీ పట్టుకుని నిలబడింది. "పాపం నిద్ర చెడగొడుతున్నామే" అని ఆయమ్మ గొణుగుతూనే విసిరింది. మొదటి విడతలో ఒక కోత ఎక్కువసేపు సాగి కొన్ని నమూనాలు చెడిపోయాయి. రెండో విడత మొదలుపెట్టాం. వానలు వచ్చాయి, పత్తి తీతలు మొదలయ్యాయి, ఆ అమ్మాయిని రమ్మని వాళ్ల నాన్న రెండుసార్లు కబురు పంపాడు. ఆమె వెళ్లలేదు.

పత్తి తీతలు ముగిసేవేళకు జెల్లు ఫోటో వచ్చింది. ముట్టుకోని పిల్లల వరసలో నడిరాత్రి చీకటి, గీత ఉందో లేదో అన్నట్టు. తలుపు తీసిన పిల్లల వరసలో మెరుపు. రెండో ఎత్తు లేదు, ఎప్పుడూ లేదు. వెలుతురుకు పెర్-టూ అలా లేస్తుందని విదేశాల్లో అప్పటికే రాసి ఉన్నారు గనక మేం కనిపెట్టింది కూడా ఏమీ లేదు. అయితే మా తక్కెడ నిజం చెబుతుందని తేలింది. మిగతా అధ్యాయాలన్నీ ఆ తక్కెడ మీద తూచినవే.

ఫెలోషిప్పు గడువు దాటిన ఏడాదికి ఆమె గ్రంథం సమర్పించింది. మౌఖిక పరీక్షకు బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ముక్కుసూటి మనిషని పేరు. అందరూ ఉన్న హాల్లో ఆయన ఆ అధ్యాయం దగ్గర ఆగారు.

"వెలుతురు ఏడున్నర నిమిషాలు అని రాశారు. అందరూ పదో, పదిహేనో, అరగంటో పెడతారు. ఈ ఏడున్నర ఎక్కడిది?"

వెనక వరసలో కూర్చున్న నేను నేల చూపులు చూశాను. ఆ అమ్మాయి తడుముకోలేదు.

"పదహారు పంజరాలకు ఒక మనిషి చేటతో విసరడానికి పట్టే సమయం సార్."

హాల్లో నవ్వులు. పెద్దాయన నవ్వలేదు. వివరం అడిగారు. ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. తలుపు, కోత, పోయిన అధ్యాయం, అన్నీ. ఆ మనిషి ఎవరని ఆయన అడిగితే గుమ్మం వైపు చూపించింది. ఆయమ్మ టీ గ్లాసుల పళ్లెంతో నిలబడి ఉంది, అందరూ తనకేసి ఎందుకు తిరిగారో తెలియక. పెద్దాయన లేచి వెళ్లి ఆ పళ్లెం తన చేతుల్లోకి తీసుకున్నారు. పట్టా ఇవ్వవచ్చని ఆ సాయంత్రం సంతకం పెట్టారు.

పిల్లలూ, మీ ప్రయోగశాలల్లో ఇప్పుడు మంచి యంత్రాలున్నాయి, కోతలు తగ్గాయి. అయినా ఒక్కటి అడుగుతాను. మీ గది తలుపు దగ్గర ఉండే మనిషికి, లోపల ఇప్పుడు ఎంతైందో చెప్పారా?

నేను పదవీ విరమణ చేసిన రోజు శాలువా కప్పారు, నాలుగు మంచి మాటలన్నారు. వెళ్లేముందు చివరిసారి ఆ వరండాలోకి నడిచాను. మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. తలుపు మీద చందమామ ఉంది, బొగ్గు మళ్లీ మళ్లీ దిద్దీ దిద్దీ నల్లబడిపోయి. ఆయమ్మ పీట మీద కూర్చుని నూకలు చెరుగుతోంది. ఆ అట్టముక్క నాకు ఇస్తావా, ఇంట్లో పెట్టుకుంటాను అని మెల్లగా అడిగాను.

"లోపల పిల్లలు నిద్రపోతన్నాయి గదా సారూ" అంది, నాకంటే మెల్లగా. "ఇప్పుడెట్టా తీసిత్తాను?"

నేను బేరమాడలేదు.